పదకొండో బండ

గిడ్డయ్యకు నోటితో మాట్లాడటం చేతకాదు. చేతిలో ఉలి ఉంటే మాత్రం ఎంతటి పెద్దమనిషి పేరైనా, ముందు మూడు బిరుదులూ వెనక రెండు పదవులూ తగిలించుకున్న పేరైనా, రెండడుగుల బండ మీద వరుస తప్పకుండా ఇమిడ్చేవాడు. డోన్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లలో ఏ వాటర్ ట్యాంకు మొదలుపెట్టినా, ఏ బస్ షెల్టరుకు రిబ్బన్ కత్తిరించినా, అక్కడి గోడకు బిగించిన నల్ల కడప బండ మీద అక్షరాలు చాలావరకు ఆయనవే. వాటిలో నీళ్లెక్కని ట్యాంకులున్నాయి, గాలికి రేకులు లేచిపోయిన షెల్టర్లున్నాయి. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పని నేర్చుకున్నది బేతంచెర్లలో, దస్తగిరి ఉస్తాద్ దగ్గర. ఉస్తాద్ సమాధి రాళ్ల మీద ఉర్దూ, ఫలకాల మీద తెలుగు ఒకే చేత్తో చెక్కేవాడు. ముందు తెల్లరంగుతో అక్షరాలు రాసుకోవాలి, ఆ తర్వాత ఆ రంగు మీదే ఉలి నడపాలి. రంగుతో రాసినదాన్ని ఆయన పనిలోకి జమ కట్టేవాడు కాదు. "రంగుదేముంది బేటా, వానొస్తే పోతాది. గాట్లో ఏలు పెడితే గోరు మునగాల. అప్పుడు రాసినట్టు" అనేవాడు. బండలు బండికెత్తే దగ్గర మాత్రం ఆయన చేయి చేసుకునేదాకా పోయేవాడు. మెరుగు పట్టిన బండలను ఎప్పుడూ మొగానికి మొగం, వీపుకు వీపు పెట్టాలి. ఒకదాని గరుకు వీపు ఇంకోదాని మెరుగు మొగానికి రాసుకుందంటే ఆ బండ వంటింటి గట్టుకు కూడా పనికిరాదు. గిడ్డయ్య ఆ తప్పు ఒక్కసారే చేశాడు, నెత్తిన ఒక్కటే పడింది. తర్వాత నలభై ఏళ్లలో ఆ చేతులు నిద్రలో కూడా బండను తిరగేసి పెట్టలేదు.

పెళ్లాం మద్దిలేటమ్మ బండల ఫ్యాక్టరీలో కూలికి పోయేది. ఇరవై రెండేళ్లు కోత మిషను దగ్గర నిలబడింది. ఇంటికొచ్చేసరికి తల వెంట్రుకలూ కనుబొమ్మలూ బూడిదరంగుకు తిరిగి ఉండేవి. "అమ్మ ముసిల్దయిపోయింది, నీళ్లు పోసుకుంటే మళ్లా చిన్నదైతాది" అని కూతురు హరిత నవ్వేది. సాయంత్రాలు ఆ పిల్ల నాయన పక్కన చేరి, చెక్కిన ఒక్కో అక్షరంలో చూపుడువేలు పెట్టి తనిఖీ చేసేది. "మునిగింది నాయినా" అంటే గిడ్డయ్య తర్వాతి అక్షరానికి పోయేవాడు. "మునగలే" అంటే, చిన్నపిల్ల మాటే కదా అని కొట్టిపారేయకుండా మళ్లీ ఉలి పెట్టేవాడు. ఆ ఇల్లు అప్పట్లో బాగానే ఉండేది.

తర్వాత మద్దిలేటమ్మకు దగ్గు పట్టుకుంది. మూడో ఏట, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందన్నారు డాక్టర్లు. కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. నర్సింగు చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్న హరిత తల్లి మంచం పక్కనే ఉండిపోయింది. గిడ్డయ్య డోన్ నుంచి వస్తూ పోతూ ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది.

"నాయినా, అమ్మకు బాగలేదు. నిన్ను అడుగుతాంది. బిర్నా రా."

మర్నాడు ఏదో సామాజిక భవనం ప్రారంభం. ఫలకం మీద ఎవరో ఒక నాయకుడి పేరు మరిచారని, మొత్తం మళ్లీ కొత్త బండ మీద చెక్కమన్నారు. "ఈ బండొకటి అయిపోనీ, వస్తా" అన్నాడు గిడ్డయ్య. సాయంత్రం ఏడున్నరకు మద్దిలేటమ్మ పోయింది. ఆయన తొమ్మిదింటికి ఆసుపత్రి మెట్లెక్కాడు.

"ఎవరి పేరో చెక్కేదానికి అమ్మను ఇడిసిపెట్టినావా నాయినా?" అని హరిత అందరి ముందరా అడిగింది. గిడ్డయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. దినాలు కాగానే ఆ పిల్ల కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుని పోయింది. నాలుగేళ్లయింది. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. "ఆ", "ఊ", "తింటి" అంటుంది. పెట్టేస్తుంది.

మద్దిలేటమ్మ పోయిన ఏడు నెలలకు, నందలూరు దగ్గర గుట్ట మీద పాత బౌద్ధ స్తూపాల శిథిలాలకు దారి చూపే రాళ్లు చెక్కే పని గిడ్డయ్యకు వచ్చింది. పదిరోజుల పని. అక్కడి కాపలాదారు యేసుప్రసాద్ పొద్దుపోక, వచ్చినవాళ్లందరికీ బుద్ధుడి సంగతులు చెప్పేవాడు. "రెండువేల ఏండ్ల కింద ఈడ సన్యాసులు ఉండిరంట అన్నా. ఇప్పుడు చూడు, ఇటికెలే ఉండాయి. పుట్టింది ఏదైనా పోవాల్సిందే అని ఆయప్ప చెప్పినాడు. అనిత్యం అంటారు దాన్ని" అన్నాడు ఒకరోజు, బీడీ ముట్టించుకుంటూ.

మండుటెండలో నీడ దొరికినట్టయింది గిడ్డయ్యకు. అన్నీ పోయేవే అయితే మద్దిలేటమ్మ పోవడంలో వింతేముంది? అన్నీ పోయేవే అయితే చేసిన తప్పు మాత్రం ఎన్నాళ్లుంటుంది? ఈ రెండో ముక్క బుద్ధుడు ఎక్కడా చెప్పినట్టు లేదు. అది గిడ్డయ్య సొంతంగా కలుపుకున్నది. ధర్మాన్ని తమ ఒంటి కొలతకు కుట్టించుకోవడం మనుషులకు కొత్తేం కాదు లెండి.

ఇంటికొచ్చి, భార్య పనిచేసిన ఫ్యాక్టరీ వెనక కుప్పలుగా పడి ఉన్న రాతిపొడిని సంచుల్లో ఎత్తుకొచ్చుకున్నాడు. పసుపుది, పచ్చది, బూడిదరంగుది. దాంట్లో తుమ్మబంక నీళ్లు కలిపి, మెరుగు పెట్టిన నల్ల బండ మీద బొమ్మ వేశాడు. రెండు ఆడకాళ్లు, చీలమండల దాకా బురదలో నిలబడినవి, ఎడమకాలి చిటికెనవేలు నలిగి ఉన్నది. కింద రెండు వరుసలు రాశాడు:

నీ కాళ్ల కింది బురదే నా రంగు.
నువ్వు పీల్చిన దుమ్మే నా బొమ్మ.

అది మొదటి బండ. మూడేళ్లు దాటేసరికి పదకొండు అయ్యాయి. నాలుగో బండ మీద బుద్ధుడు కోత మిషను పక్కన కూర్చుని ఉంటాడు, ముక్కుకు తువ్వాల కట్టుకుని. "చెట్టు దొరకలేదు స్వామికి, దుమ్ములోనే కళ్లు మూసుకున్నాడు" అని కింద ఉంటుంది. ఏడో బండ మీద ఖాళీ మంచం ఒకటే. దాని కింద:

అంతా పోయేదే అన్నావు.
పోయేటప్పుడు పక్కన ఎవరుండాలో
చెప్పకపోతివే స్వామీ.

కడపలో తెలుగు పాఠాలు చెప్పే ప్రదీప్‌కుమార్ బండల వ్యాపారుల ఇంటి పిల్లవాడు. కొత్త ఇంటికి పేరు చెక్కించుకోవాలని డోన్ వచ్చి, రేకుల షెడ్డులో గోడకానించిన ఈ బండలను చూసి చెప్పులు విప్పి నిలబడ్డాడు. మంచివాడే. కాకపోతే ఏ సంగతి కనబడినా దానికో ఉపన్యాసం తొడగందే ఊరుకోలేడు. కడపలో హాలు తీసుకుంటానన్నాడు. "గిడ్డయ్య ఏకవ్యక్తి చిత్ర కవితా ప్రదర్శన" అని కరపత్రం కూడా రాసేశాడు. ఒక పూత వార్నిషు కొడితే రంగు నిలుస్తుందని సలహా ఇచ్చాడు.

"పోయేదాని గురించి ఏసిన బొమ్మలు సార్. వార్నిషు కొడితే అబద్ధమైతాది" అన్నాడు గిడ్డయ్య.

ప్రదీప్‌కుమార్ కళ్లు చెమర్చాయి. ఆ మాట కూడా కరపత్రంలో చేర్చాడు.

గిడ్డయ్య ఒప్పుకున్నది పేరు కోసం కాదు, కరపత్రం కోసం అసలే కాదు. హరిత కడపలో ఉంది. పదకొండో బండ ఆ పిల్ల కోసం. ఆ బండ మీద పైన మద్దిలేటమ్మ మొగం, తలలో కనకాంబరాలు. కింద డోన్ బస్టాండు, బల్ల మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఒక మనిషి, ఆయన ముందు నుంచి వెళ్లిపోతున్న ఐదు కర్నూలు బస్సులు. ఆ కింద మూడు వరుసలు:

ఆ బండ పని నాలుగింటికే అయిపోయింది.
ఐదు బస్సులు పోయినాయి.
నేను ఎక్కలేదు.

ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. పని ఒత్తిడిలో పెళ్లాం చావుకు అందలేకపోయిన మనిషని ఊరంతా గిడ్డయ్య మీద జాలిపడింది. కూతురు కూడా పని కోసం ఆగిపోయాడనే తిట్టింది. నిజమేమిటంటే నాలుగింటికి ఉలి కింద పెట్టి, చేతులు కడుక్కుని, బస్టాండుకు వచ్చి, ఆయన ఎనిమిది దాకా అక్కడే కూర్చున్నాడు. మద్దిలేటమ్మ ఊపిరి కోసం కొట్టుకోవడం చూడలేక, ఉత్త భయంతో కూర్చున్నాడు. ఆ ముక్క కూతురితో చెప్పాలని నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఫోన్ తీశాడో. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని సామెత. గిడ్డయ్యకు ఆ చించుకోవడమే చేతకాలేదు. బండ మీద రాశాడు. పది రోజుల కింద ఫోన్ చేసి, "నీకు చెప్పాల్సింది ఒకటుండాదమ్మా. నోటితో రాదు నాకు. బండ మీద ఉండాది. వచ్చి సూడు" అన్నాడు.

"ఏ దినం?" అంది హరిత. చెప్పాడు. "ఆరుకు గదా సురువు. డ్యూటీ దిగి నాలుక్కు వస్తా. జనాలు రాకముందే సూస్తా" అంది.

ఆ రోజు తెల్లారగానే డ్రైవరు హనుమన్న మినీ లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఇద్దరు హమాలీలు వచ్చారు. తను లేకుండా ఎవరినీ బండ ముట్టనివ్వకుండా, ఒక్కోదాన్నీ తన చేత్తో పట్టి దారి చూపించాడు గిడ్డయ్య. అడుగున వరిగడ్డి పరిపించాడు. నిలువుగా, మొగానికి మొగం, వీపుకు వీపు. "భద్రం అప్పా, భద్రం" అంటూనే ఉన్నాడు. పదకొండు కాబట్టి ఒకటి జంట లేకుండా మిగలాలి. మొదటిదాన్ని ఒంటిగా చివర నిలబెట్టించాడు. పదకొండోదానికి మాత్రం కుదుపు తగలకూడదని నడిమధ్యలో పెట్టించి, ఏడోదాన్ని దానికి జంట కట్టాడు. మోకులు తనే బిగించాడు. కదలకుండా ఉండాలని ఇంకో చుట్టు బిగించాడు.

"ఎంత ముద్దుగా పెట్టినావప్పా, పెండ్లికూతురిని పల్లకీ ఎక్కించినట్ల" అని నవ్వాడు హనుమన్న.

బేతంచెర్ల, బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు. గిడ్డయ్య డ్రైవరు పక్కన కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ప్రొద్దుటూరు దగ్గర రోడ్డు తవ్వి ఉంది, బండి కోసు దూరం ఎగిరెగిరి పడింది. గిడ్డయ్య లోపల మంత్రంలా ఒక్కటే అనుకున్నాడు, సాయంత్రం నాలుక్కు ఆ పిల్ల చదువుతుంది, చదివి ఏమన్నా అననీ, చదివితే చాలు.

పన్నెండున్నరకు కడప చేరారు. హాలు ముందు ప్రదీప్‌కుమార్ పట్టు కండువాతో నిలబడి ఉన్నాడు. మోకులు విప్పి మొదటి బండ దించారు. చెక్కుచెదరలేదు. తర్వాతి జంటను విడదీశారు. రెండు బండల మధ్య నుంచి బూడిదలాంటి పొడి జలజలా రాలి హమాలీ కాళ్ల మీద పడింది. నల్ల బండ నల్లగా కనబడింది.

గిడ్డయ్యకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. అక్కడే లారీ చక్రం పక్కన కూలబడ్డాడు.

మొగానికి మొగం. మెరుగు బండకైతే అది రక్ష. రంగు బండకు అది తిరగలి. ఇన్ని మైళ్లు, తన చేత్తో బిగించిన మోకుల మధ్య, బొమ్మ బొమ్మను నూరేసింది. చదువుకున్న చిత్రకారుడెవరైనా, ఆఖరికి తోపుడుబండి మీద ఫొటో ఫ్రేములు అమ్మేవాడైనా, ఈ తప్పు చెయ్యడు. బండ పని తెలిసినవాడే చెయ్యాలి. నలభై ఏళ్లు తప్పు చెయ్యని చేతులే చెయ్యాలి.

పదకొండోది దించేటప్పుడు ఆయన చూడలేదు. గోడకానించాక పాక్కుంటూ పోయినట్టే పోయి చూశాడు. కొప్పులో రెండు కనకాంబరాలున్నాయి. మొగం లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా తుడిచిపెట్టుకుపోయింది. ఒక బస్సుకు వెనక చక్రం ఉంది. రాసినదాంట్లో "నాలుగింటికే" ఒక్కటి మిగిలింది.

ప్రదీప్‌కుమార్ పక్కన వచ్చి కూర్చున్నాడు. పాపం ఆయనకూ బాధగానే ఉంది. కానీ చెప్పానుగా, ఉపన్యాసం ఆగదు. "గిడ్డయ్యా, బాధపడొద్దు. ఒక్కసారి ఆలోచించు. నువ్వు వార్నిషు ఎందుకొద్దన్నావు? ఇదే కదా అనిత్యం! బుద్ధుడు చెప్పింది బండలే చేసి చూపించినాయి. వీటిని ఇట్లే పెడదాం. ఇంతకంటే గొప్ప ప్రదర్శన ఉంటుందా?"

"సార్" అన్నాడు గిడ్డయ్య. "మీ ఇల్లు కాలిపోతాంటే కూడా ఇట్లనే అంటారా?"

అని తలను బండకేసి కొట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు. హనుమన్న వచ్చి వెనక నుంచి పట్టుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి కడప నడిరోడ్డు పక్కన నోరు తెరిచి ఏడ్చాడు. ఇన్నేళ్లుగా పొద్దునా సాయంత్రం అనుకున్న అనిత్యం ఆ కాసేపు ఆయన దరిదాపుల్లో కూడా లేదు. పోతుంది పోతుంది అని రాయడం ఎవరి చేతనైనా అవుతుంది. పోయినప్పుడు కదా తెలిసేది.

ఒంటిగంటన్నరకు లేచాడు. నాలుక్కు ఇంకా రెండున్నర గంటలుంది. సంచిలో రాతిపొడి పిడికెడు మిగిలింది, తుమ్మబంక ఉంది, కుంచెలున్నాయి. అందరినీ బయటికి పంపి పదకొండో బండ ముందు కూర్చున్నాడు. బస్సులు తర్వాత వేయొచ్చు, అక్షరాలు పది నిమిషాల పని. ముందు మొగం.

గీశాడు. ఎవరో ఆడమనిషి మొగం వచ్చింది. తడిగుడ్డతో తుడిచేశాడు. మళ్లీ గీశాడు. ఈసారి వచ్చింది డోన్‌లో కూరగాయలమ్మే ఆమెలా ఉంది. తుడిచేశాడు. మద్దిలేటమ్మ ముక్కు కుడి పక్కకు వంగి ఉండేదా, ఎడమకా? నవ్వితే ఏ పక్క పన్ను కనబడేది? కళ్లు మూసుకుని తలుచుకున్నాడు. కళ్ల ముందు నిలిచింది ఆమె కాదు, తను ఇన్నాళ్లూ చూస్తూ కూర్చున్న బొమ్మ. అదే రోజూ చూశాడు, అదే రోజూ తలుచుకున్నాడు. దాని కింద పడి అసలు మొగం ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు బొమ్మా లేదు. జేబులోంచి ఆమె ఆధార్ కార్డు తీసి చూశాడు. దాంట్లో ఉన్నది కెమెరాకు భయపడిన ఎవరో ముసలామె. ఇరవై తొమ్మిదేళ్లు పక్కన పడుకున్న మనిషి మొగం గుర్తు రాక, గిడ్డయ్య కుంచెకు తోచినట్టు ఇంకో మొగం గీశాడు. ఆసుపత్రి మెట్లెక్కిన రోజు కూడా ఇంత భయం వేయలేదు.

మూడోసారి తుడిచేసరికి తలుపు చప్పుడైంది.

హరిత డ్యూటీ డ్రస్సు మీదనే వచ్చింది, భుజానికి సంచి. నాయన నుదుటి మీద వాపు చూసింది, గోడ పొడుగునా గీతలు పడ్డ నల్ల బండలు చూసింది. బయట హనుమన్న చెప్పినట్టున్నాడు, ఏమైందని అడగలేదు. వరుసగా నడుచుకుంటూ పోయి, చెడకుండా మిగిలిన మొదటి బండ దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"అమ్మ కాళ్లు" అంది. నలిగిన చిటికెనవేలు మీద తన వేలు పెట్టింది, రంగు అంటకుండా గాల్లోనే. వెనక్కి తిరిగేసరికి కళ్ల నిండా నీళ్లు.

వచ్చి నాయన పక్కన నేల మీద కూర్చుంది. నాలుగేళ్ల తర్వాత ఆ పిల్ల ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు.

"పోయిన నెల మా వార్డులో ఒక పెద్దాయన పోయినాడు నాయినా. కొడుకు లారీ డ్రైవరు, యాడనో దోవలో ఉండాడు. రాలేకపాయ. నేనే చెయ్యి పట్టుకుని కూసుంటి. ఆ కొడుకు వచ్చి ఏడుస్తాంటే నువ్వు గుర్తొస్తివి. పని ఇడిసిపెట్టి రాలేని బతుకులు మనవి. నిన్ను శానా మాటలంటి ఆ దినం. నువ్వు నాకు ఏం చెప్పాలనుకున్నావో నాకు తెలుసులే. బొమ్మ పోతే పోనీ."

ఇంత సులువుగా? నాలుగేళ్లుగా దేనికోసం అల్లాడాడో అది ఒళ్లోకి వచ్చి పడింది. తల ఊపితే చాలు. నిజం తెలిసినవాళ్లు ఎవరూ లేరు, సాక్ష్యం చెప్పాల్సిన బండ తనంతట తనే నోరు మూసుకుంది. సాయంత్రం కూతురితో కలిసి టీ తాగొచ్చు. పండగకు రమ్మనొచ్చు. ఇక చచ్చేదాకా ఈ పిల్ల తనను నాయినా అని పిలుస్తుంది.

హరిత కళ్లు తుడుచుకుని పదకొండో బండ వైపు చూసింది. "ఈడ ఏం రాసింటివి? నాలుగింటికే అని ఒక్కటి ఉండాది."

ఆయన ఆ మాట వైపు చూశాడు. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ బండ నాలుగింటికే అయిపాయ" అన్నాడు.

"ఏ బండ?"

"ఆ దినం బండ." "నాలుగింటికే అయిపాయ. నేను బస్టాండులోనే ఉంటి. ఐదు బస్సులు పోయినాయి కర్నూలుకు. ఎక్కలే. మీయమ్మను అట్ల చూడలేననుకుంటి. భయమాయ నాకు. అంతే. పని లేదు, ఏం లేదు."



"కూసోని ఏం చేస్తివి?" అంది హరిత.

"టీ తాగితి."

"ఎన్ని?"

"రెండు."

హరిత లేచి నిలబడింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆ పిల్ల చాలా మెల్లగా మాట్లాడింది.

"అమ్మ గొంతులోకి నీళ్లు దిగలే. గుడ్డ తడిపి పెదాలకు పెడ్తాంటి. వాకిలి దిక్కే చూసింది, కడాకు. నేనే చెప్తి అమ్మకు. బండ చెక్కతాండాడమ్మా, ఇంకా కాలేదంట, అయిపోతూనే వస్తాడు అని. నీ అబద్ధం నా నోటితో చెప్పిస్తివి."

సంచి భుజానికి తగిలించుకుంది. వాకిలి దాకా పోయి ఆగింది. తిరిగి వచ్చి, బండ మీద మిగిలిన ఆ ఒక్క మాట మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్దింది. రెండు రుద్దులకే పోయింది. వేలికంటిన పొడిని నాయనకు చూపించింది.

"ఊర్లో వాళ్ల పేర్లన్నీ ఉలితో చెక్కితివి. ముక్కు మొగం తెలీని కాంట్రాక్టర్ల పేర్లు కూడా చెక్కితివి. ఈ మాట మాత్రం రంగుతో రాస్తివా నాయినా?"

ఆ పిల్ల వెళ్లిపోయింది.

ఆరు గంటలకు ప్రదర్శన మొదలైంది. కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు కవులు, బండల వ్యాపారులు కొందరు వచ్చారు. ప్రదీప్‌కుమార్ మైకు పట్టుకుని శూన్యం గురించి చక్కగా మాట్లాడుతుంటే హాలు మూల నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. గిడ్డయ్య పదకొండో బండను నేల మీద పడుకోబెట్టి, ముందు కూర్చుని చెక్కుతున్నాడు. హనుమన్నను పంపి బజార్లో ఉలీ సుత్తీ కొనిపించుకున్నాడు. తెల్లరంగుతో ముందుగా రాసుకోలేదు. జీవితంలో మొదటిసారి ఉలితోనే నేరుగా రాస్తున్నాడు. వరుస వంకర పోతోంది. జనం ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని చుట్టూ మూగి ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు.

రెండో రోజు హరిత రాలేదు. ఆయన ఫోన్ చేయలేదు. "ఆ బండ పని నాలుగింటికే అయిపోయింది" దాకా వచ్చింది. చదివినవాళ్లకు ఏమీ తెలియలేదు. ఒక అమ్మాయి మాత్రం "ఏ బండ తాతా?" అని అడిగింది. చెప్పాడు. ఐదు బస్సుల సంగతీ, టీ సంగతీ, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వుమొగం మాడిపోయింది, ఫోన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాడు. గిడ్డయ్య నోటి నుంచి అన్ని మాటలు ఎప్పుడూ రాలేదు. చెప్పిన కొద్దీ బరువు దిగుతుందని పెద్దలంటారు. ఆయనకేం దిగలేదు.

మూడో రోజు సాయంత్రానికి "నేను ఎక్కలేదు" కూడా అయిపోయింది. బొమ్మ వేయలేదు. మొగం ఉండాల్సిన చోట బండ నల్లగా, మెరుగ్గా, ఖాళీగా ఉంది. హాలు మూసేసే వేళైంది. హనుమన్న మోకులు తెచ్చుకుంటున్నాడు. అప్పుడు వచ్చింది హరిత, ఆ డ్యూటీ డ్రస్సు మీదనే.

నాయన వైపు చూడలేదు. బండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూడు వరుసలూ మెల్లగా చదువుకుంది. తర్వాత చూపుడువేలు చాచి, మొదటి అక్షరం గాట్లో పెట్టింది. ఆ వేలు రెండో అక్షరానికి జరిగింది, మూడోదానికి జరిగింది, చివరిదాకా పోయింది.

"మునగలే" అంది.

లేచి, వచ్చినట్టే వెళ్లిపోయింది. గిడ్డయ్య ఆమె వెనక చూడలేదు. హనుమన్నను ఆగమని చేత్తో సైగ చేసి, మొదటి అక్షరం దగ్గరికి జరిగి కూర్చుని, మళ్లీ ఉలి పెట్టాడు.